కుజిరా క్రౌన్ మొరాయిస్తే: 1971–74 టొయోటా క్రౌన్, సమస్య - పరిష్కారం

1971 ఫిబ్రవరిలో వచ్చి 1974 దాకా తయారైన టొయోటా క్రౌన్‌ని జపాన్‌లో ‘కుజిరా’ అంటారు. అంటే తిమింగలం. గుండ్రటి ఒళ్లు, రెండంతస్తుల ముక్కు, బాడీ రంగే వేసిన ముందు బంపర్. ఆ రోజుల్లో ఈ రూపం కొనేవాళ్లకి నచ్చలేదు. నిస్సాన్ సెడ్రిక్, గ్లోరియా జంట అమ్మకాల్లో దీన్ని దాటేసింది. ఇప్పుడేమో ఆ రూపం కోసమే వెతుక్కుంటున్నారు.

కింద చెప్పేదంతా 2563 సీసీ 4ఎం ఇంజన్ ఉన్న సెడాన్, హార్డ్‌టాప్‌ల గురించి. 2000 సీసీ ఎం ఇంజన్ బండ్లకీ చాలా వరకు సరిపోతుంది. రెండూ ఒకే కుటుంబం: ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్, వరసగా ఆరు సిలిండర్లు, పైన ఒకే క్యామ్, దాన్ని తిప్పే చైను. పని మొదలుపెట్టే ముందు మల్టీమీటర్, టైమింగ్ లైటు, ఫీలర్ గేజ్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. ఈ బండి విషయంలో అనుమానం మీద విప్పిన భాగాల్లో సగం బాగున్నవే అయి ఉంటాయి.

వేడి ముల్లు ఎర్రగీత వైపు పోతోంది

ముందు పెట్రోల్ ముల్లు చూడండి. అది కూడా ఉండాల్సిన దానికంటే పైకి లేచి ఉంటే ఇంజన్ జోలికి వెళ్లకండి. ఆ కాలపు టొయోటా మీటర్లలో ఈ రెండు ముళ్లకీ కరెంటు ఒకే చిన్న స్టెబిలైజర్ గుండా, సగటున 7 వోల్టుల చొప్పున అందుతుంది. అందులోని పాయింట్లు అతుక్కుపోతే పూర్తి 12 వోల్టులూ వెళ్లి రెండు ముళ్లూ కలిసి లేస్తాయి. థర్మోస్టాట్ హౌసింగ్ మీద థర్మామీటర్ పెట్టి చూడండి. 85 డిగ్రీల దగ్గర ఉంటే రోగం డాష్‌బోర్డులోనే ఉంది. స్టెబిలైజర్ మార్చి, మీటర్ల వెనక ఎర్త్ వైరు కొసని ఎమరీ పేపర్‌తో రుద్ది బిగించండి.

నిజంగానే వేడెక్కుతోందా? అయితే ఎప్పుడు వేడెక్కుతోందన్నదే సగం జవాబు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెరిగి, కదలగానే దిగుతోందంటే గాలి చాలడం లేదు. ఫ్లూయిడ్ కప్లింగ్ (లోపలి నూనె పట్టుతో ఫ్యాన్‌ని తిప్పే డబ్బా) ఉన్న ఫ్యాన్ అయితే, వేడి మీద ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, ఫ్యాన్‌ని చేత్తో విసరండి. బరువుగా తిరిగి ఒక చుట్టులోపే ఆగాలి. గాలిపటం చరఖాలా మూడు నాలుగు చుట్లు తిరిగిందంటే లోపలి సిలికాన్ నూనె కారిపోయింది. కప్లింగ్ ముందు భాగంలో జిడ్డు పట్టిన దుమ్ము చార ఉంటే అదే సాక్ష్యం. రేడియేటర్ వెనక ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగుని, అంటే ష్రౌడ్‌ని, ఎవరైనా తీసి పడేశారేమో కూడా చూడండి. అది లేకుండా ఫ్యాన్ తన చుట్టూ ఉన్న గాలినే తిప్పుతూ కూర్చుంటుంది.

హైవే మీద వేగం పెరిగేకొద్దీ వేడెక్కడం ఈ మోడల్‌కి కొత్తేమీ కాదు. ముక్కు ఆకారం వల్ల రేడియేటర్‌కి గాలి సరిగా అందదన్న ఫిర్యాదు బండి కొత్తగా ఉన్నప్పుడే వచ్చింది. 1973లో ముందు భాగాన్ని మార్చారు. అందుకే గ్రిల్ ముందు ఫాగ్ లైట్లు, బ్యాడ్జీలు, వెడల్పాటి నంబర్ ప్లేటు పెట్టకండి. రేడియేటర్‌కీ దాని చట్రానికీ మధ్య సందులుంటే స్పాంజి రబ్బరుతో మూయండి. లేకపోతే వచ్చే కాస్త గాలీ పక్కల నుంచి జారిపోతుంది.

తర్వాత నీటి దారి చూడండి. బోనెట్ తెరిచి, ఇంజన్‌ని 3000 ఆర్‌పీఎం దగ్గర పట్టి, రేడియేటర్ కింది గొట్టం గమనించండి. పంపు లాగుడికి అది చప్పబడుతుంటే లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి పోయినట్టే, లేదా రేడియేటర్ పూడుకుపోయినట్టే. రేడియేటర్ ముఖం మీద థర్మామీటర్‌తో గళ్లు గళ్లుగా కొలవండి. మధ్యలో ఒక ముక్క మాత్రం చల్లగా ఉంటే అక్కడి ట్యూబులు మూసుకున్నాయి. ఇత్తడి రేడియేటర్ కాబట్టి ట్యాంకు విప్పించి రాడ్డింగ్ (ట్యూబుల్లో చువ్వ దూర్చి శుభ్రం చేయడం) చేయించవచ్చు. కోర్ మార్చాల్సి వస్తే ట్యూబుల వరస ఒకటి ఎక్కువున్నది వేయించండి.

చాలామంది మరిచేది బ్లాకు డ్రెయిన్ ప్లగ్. ఇంజన్ చల్లారాక దాన్ని విప్పితే నీళ్లు ధారగా రావాలి. చుక్క కూడా రాకపోతే ఆశ్చర్యపోకండి. ఇనుప బ్లాకులోని తుప్పు యాభై ఏళ్లుగా వెనక సిలిండర్ల చుట్టూ దిగి, కాఫీ గసిలా గట్టిపడి ఉంటుంది. వంచిన తీగతో ఆ కన్నంలో కెలికితే మొదట ముద్దగా ఎర్రటి బురద, తర్వాత నీళ్లు వస్తాయి. థర్మోస్టాట్ తీసేసి, హెడ్ వైపు నుంచి పైపు పెట్టి, నీళ్లు తేటబడేదాకా కడగండి. ఈ పని చేయకుండా కొత్త రేడియేటర్ వేస్తే నెల తిరిగేసరికి ఆ బురదంతా దానిలోకే చేరుతుంది.

థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లు కాచి పరీక్షించండి. 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, 95 దగ్గర కనీసం 8 మి.మీ. లేవాలి. ఎండ దేశాల్లో దాన్ని పూర్తిగా పీకేసే అలవాటుంది. అలా చేస్తే ఇంజన్ ఉదయం పూట వేడెక్కకుండా అరుగుతుంది. రేడియేటర్ మూత 0.9 కేజీ ఒత్తిడిది ఉండాలి. కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ 30 నుంచి 50 శాతం పోయండి. గడ్డకట్టే చలి లేకపోయినా అల్యూమినియం హెడ్‌ని తినేయకుండా కాపాడేది అందులో కలిపి ఉండే తుప్పు నిరోధకాలే.

ఇవన్నీ బాగున్నా వేడెక్కుతోందంటే సిలిండర్లకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ తెరవండి. వేడికీ దానికీ ఏం సంబంధం అనిపించవచ్చు. పాయింట్ల ఫైబర్ మడమకి గ్రీజు లేకపోతే అది అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి జారుతుంది. మంట ఆలస్యంగా అంటుకుంటే ఆ వేడి పిస్టన్‌ని తోయడం మానేసి హెడ్‌లోకీ ఎగ్జాస్ట్‌లోకీ పోతుంది. గ్యాప్ 0.45 మి.మీ., డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) 41 డిగ్రీలు. ముందు ఇది సరిచేసి, తర్వాతే టైమింగ్ లైటు పెట్టండి. వరస తిరగేస్తే రెండోసారి చేయాల్సి వస్తుంది. ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూయండి. లోపలి ప్లేటు కదిలి అక్కడే నిలవాలి. వెనక్కి వచ్చేస్తే డయాఫ్రం చిరిగింది.

చివరగా హెడ్ గాస్కెట్. చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు వస్తున్నాయా, నీలం రంగు పరీక్ష ద్రవం పసుపుకి తిరుగుతోందా చూడండి. అవునంటే హెడ్ దించక తప్పదు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలిపించి, వంగి ఉంటే ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) చేయించండి. బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, మాన్యువల్‌లోని టార్క్‌కి బిగించాలి.

తాళం తిప్పి పట్టుకుంటే స్టార్ట్ అవుతుంది, వదలగానే ఆగిపోతుంది

దాదాపు ఎప్పుడూ కాయిల్‌కి పోయే కరెంటుని తగ్గించే బల్లాస్ట్ రెసిస్టరే. సెల్ఫ్ తిరిగేటప్పుడు కాయిల్‌కి కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా వెళ్తుంది. తాళం వెనక్కి రాగానే రెసిస్టర్ గుండా వెళ్లాలి. దాని తీగ తెగితే అంతే. వైరు విప్పి కొలవండి: 1 నుంచి 2 ఓమ్‌ల మధ్య చూపాలి. బాగుంటే తాళం స్విచ్‌లోని ‘ఆన్’ కాంటాక్టు అనుమానించండి. బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కి తాత్కాలికంగా వైరు వేసి పరీక్షించవచ్చు గానీ, ఒకటి రెండు నిమిషాలకి మించి వద్దు. పాయింట్లు కాలిపోతాయి.

కాయిల్ మార్చినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. బయట రెసిస్టర్ అక్కర్లేని 3 ఓమ్‌ల కాయిల్‌ని రెసిస్టర్‌తో కలిపి పెడితే స్పార్క్ నీరసపడుతుంది. 1.5 ఓమ్‌ల కాయిల్‌ని రెసిస్టర్ లేకుండా పెడితే వెయ్యి కిలోమీటర్లు కూడా పాయింట్లు నిలవవు.

అరగంట బాగా నడిచి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ లేస్తుంది

ఆగిన క్షణంలోనే చూడాలి, ఇంటికి తెచ్చాక కాదు. బోనెట్ ఎత్తి కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గది గాజు కిటికీలోకి చూడండి. ఐసాన్ కార్బ్యురేటర్లలో ఇదొక వరం: పెట్రోల్ మట్టం గీత దగ్గరే కనిపిస్తుంటే లోపం కరెంటుది. వేడెక్కిన కాయిల్ గానీ, కండెన్సర్ గానీ. రెండూ డిక్కీలో అదనంగా ఉంచుకునేంత చిన్నవి.

కిటికీ ఖాళీగా ఉంటే పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. ‘ఫుస్’ మని గాలి లోపలికి లాక్కుంటే ట్యాంకు గాలి దారి మూసుకుపోయింది. శబ్దం లేకపోతే ఫిల్టర్, ఆ తర్వాత ట్యాంకులోని తుప్పు, ఆ తర్వాత పంపు. కార్బ్యురేటర్ కింద వేడి తగలకుండా ఉండే మందపాటి దిమ్మ పగిలినా, ఎవరైనా పల్చటి గాస్కెట్‌తో సరిపెట్టినా, ట్రాఫిక్‌లో పెట్రోల్ మరిగిపోతుంది.

తొక్కగానే ఒక్క క్షణం గుటక వేసి, అప్పుడు లాగుతుంది

ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ త్రాటిల్ తిప్పండి. వెంటనే సన్నటి, గట్టి ధార రావాలి. ఉమ్మినట్టు చిమ్మితే యాక్సిలరేటర్ పంపు కప్పు ఎండిపోయింది. ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోల్ పాత రబ్బరుని త్వరగా చెడగొడుతుంది. కిట్ కొనేటప్పుడు ఇథనాల్ తట్టుకునేది అడిగి తీసుకోండి, పెట్రోల్ గొట్టాలూ అదే రకానివి వేయండి.

ధార బాగుంటే మళ్లీ డిస్ట్రిబ్యూటర్‌కే రావాలి. పాయింట్ల ప్లేటు నుంచి బాడీకి పోయే అల్లిక ఎర్త్ వైరు, జాన కూడా ఉండదు. ప్లేటు కదిలిన ప్రతిసారీ వంగి వంగి లోపల పోగులు తెగుతాయి. పైకి చూస్తే నిక్షేపంలా ఉంటుంది. తొక్కినప్పుడు ప్లేటు కదులుతుంది, ఎర్త్ పోతుంది, ఇంజన్ గుటక వేస్తుంది. దీన్ని కనిపెట్టలేక మూడు కార్బ్యురేటర్లు మార్చినవాళ్లుంటారు. మల్టీమీటర్ పెట్టి ప్లేటుని వేలితో కదిపితే అర నిమిషంలో తేలుతుంది. ప్లగ్ వైర్లు విప్పితే తిరిగి పెట్టే వరస 1-5-3-6-2-4, ప్లగ్ గ్యాప్ 0.8 మి.మీ.

ఆటోమేటిక్ గేరు జారుతోంది

టొయోటా ఆటోమేటిక్ గేర్ పెట్టె టొయోగ్లైడ్‌లో ఏ నూనె ఉందో ముందు తెలుసుకోండి. దీనికి రాసిపెట్టింది టైప్ ఎఫ్ నూనె. ఎర్రగా ఉంది కదా అని డెక్స్రాన్ అనే ఇంకో రకం గేర్ నూనె పోస్తే క్లచ్ ప్లేట్లు పట్టుకునే తీరు మారి, గేరు మెత్తగా పడుతున్నట్టుండి లోపల జారుతుంది. మట్టం చూడాల్సింది బండి కనీసం పది కిలోమీటర్లు నడిచాక, చదునైన చోట, ఇంజన్ తిరుగుతుండగా, లీవర్ అన్ని స్థానాలకీ ఒకసారి తిప్పి తెచ్చాక. నూనె మాడిన వాసన వేసి నల్లగా ఉంటే నూనె మార్పుతో బాగవుతుందని ఆశపడకండి, ప్లేట్లు పోయాయి.

బ్రేక్ వదిలినా ఒక చక్రం పట్టి ఉంటుంది

జాకీ ఎత్తి ఆ చక్రం బ్లీడర్ (బ్రేక్ ద్రవం వదిలే స్క్రూ) విప్పండి. ద్రవం చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి వెనక్కి పోవడం లేదు. ఫ్లెక్సిబుల్ గొట్టం లోపలి పొర ఉబ్బి వాల్వులా పనిచేస్తోంది. బయట పగుళ్లు లేవని మోసపోవద్దు, గొట్టాలన్నీ కలిపి మార్చండి. బ్లీడర్ విప్పినా వదలకపోతే పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుంది.

స్టీరింగ్ వదులు

బాక్సు మీదున్న సర్దుబాటు స్క్రూ మీదికి చెయ్యి పోనివ్వకండి. ఒకరిని స్టీరింగ్ చక్రం అటూ ఇటూ తిప్పమని, కింద పడుకుని ఐడ్లర్ ఆర్మ్ (బాక్సుకి అవతలి వైపు స్టీరింగ్ కడ్డీని మోసే చెయ్యి) చూడండి. అది పైకీ కిందికీ ఊగుతుంటే బుష్ మార్చండి. వదులులో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. స్క్రూని బిగిస్తే మధ్యలో బాగున్నట్టుండి మలుపుల్లో పట్టేస్తుంది.

పవర్ విండో నీరసంగా లేస్తోంది

మోటారు దగ్గర, స్విచ్ నొక్కి ఉంచి, వోల్టేజి కొలవండి. బ్యాటరీ కంటే 2 వోల్టులకి మించి తగ్గితే తలుపు సందులో వంగే వైర్ల కట్ట గానీ స్విచ్ గానీ కారణం. వోల్టేజి బాగుంటే గ్లాసు జారే రబ్బరు కాలవ గట్టిపడింది. సిలికాన్ స్ప్రే కొట్టండి, మామూలు నూనె వద్దు. తలుపు లోపలి ప్యానెల్ క్లిప్పులు నిదానంగా తీయండి. ఇంజన్ భాగాలు ఎం కుటుంబంలోని వేరే బండ్ల నుంచి దొరుకుతాయి, ఈ బండి ప్యానెళ్లూ క్రోమ్ పట్టీలూ దొరకవు.

కుదుపుల్లో తలుపులు కిర్రుమంటాయి, మూసేటప్పుడు ఎత్తి వేయాల్సి వస్తుంది

హింజ్ పిన్నులు అరగడం ఒక కారణం. తలుపు చివర పట్టుకుని ఎత్తితే తెలుస్తుంది. పిన్నులు గట్టిగా ఉండీ తలుపు దిగిందంటే ఫ్రేమ్ చూడాలి. క్రౌన్ బాడీ విడి ఫ్రేమ్ మీద కూర్చుంటుంది. వెనక ఇరుసు మీదుగా ఫ్రేమ్ పైకి వంగే చోట బురద లోపలికి చేరి, తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచి ఇనుము, బొదబొదమంటే తుప్పు పొర. అలాంటి చోట పైన రేకు అతికించి వెల్డింగ్ చేయిస్తే అంచుల్లో మళ్లీ తింటుంది. గట్టి ఇనుము దొరికేదాకా కోసి, అదే మందం ప్లేటు వేయించి, లోపల మైనం స్ప్రే కొట్టించి, నీళ్లు కారే కన్నాలు తెరిచి ఉంచండి. కోసే ముందు బాడీ మౌంట్ల మధ్య రెండు వైపులా మూలకి మూల కొలతలు రాసి పెట్టుకోండి.