40 మీటర్ల బ్యాండ్ డైపోల్ బయట వేస్తే ఎస్‌డబ్ల్యూఆర్ ఎందుకు దిగదు

హామ్ రేడియో కోసం వేపకొమ్మ మీదుగా తాడు వేసి ఏడెనిమిది మీటర్ల ఎత్తున ఇన్‌వర్టెడ్ వీ (నడుమ పైకి, రెండు కొసలు కిందికి ఉండే డైపోల్, అంటే రెండు వైర్ల యాంటెనా) కట్టారు, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా దగ్గర నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరుంటే మేలు) మాత్రం 3 దాటింది. వెంటనే కట్టర్ తీయకండి.

ముందు యాంటెనా విప్పి, కోయాక్స్ (రేడియో నుంచి యాంటెనాకు వెళ్లే కేబుల్) చివర 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెనాకు బదులు పవర్ తీసుకునే రెసిస్టర్) పెట్టి తక్కువ పవర్‌తో చూడండి. 1.2 లోపు ఉంటే ఎస్‌డబ్ల్యూఆర్ పెరగడానికి కేబుల్ కారణం కాదు. పీఎల్-259ని (కోయాక్స్ కొసన ఉండే ప్లగ్గు) అటూ ఇటూ కదిపినప్పుడు మీటరు ముల్లు ఎగిరిపడితే కనెక్టర్ లోపల టంకం వదిలినట్టే.

తర్వాత యాంటెనా మళ్లీ తగిలించి, నానోవీఎన్‌ఏ (యాంటెనాను కొలిచే చిన్న పరికరం) పెట్టి డిప్, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తగ్గే ఫ్రీక్వెన్సీ, ఎక్కడ పడుతోందో చూడాలి. ఈ బ్యాండ్‌లోని 7.100 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో వైపు వైరు సుమారు 10 మీటర్లు. ఇన్సులేషన్ ఉన్న వైరైతే కాస్త తక్కువ. డిప్ 6.950 దగ్గరుంటే వైరు ఎక్కువైంది. డిప్‌ను పైకి జరపాలంటే 100 కిలోహెర్ట్జ్‌కి ఒక్కో వైపు దాదాపు 14 సెం.మీ. లెక్కన ఇక్కడ 21 సెం.మీ. తగ్గాలి. కొయ్యకుండా, కొసను వెనక్కి మడిచి అదే వైరుకు చుట్టేయండి. రేపు ఇంకో చోట ఆ పొడవే కావాల్సి రావచ్చు.

కోయాక్స్ చేత్తో పట్టుకోగానే అంకె మారుతోందా? కేబుల్ పైపొర కూడా యాంటెనాలా పనిచేస్తోంది. ఎఫ్‌టీ240-31 కోర్ (ఫెరైట్ రింగు) మీద ఆర్‌జీ-58 కోయాక్స్ పది పన్నెండు చుట్లు చుట్టి, ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెనాను కలిసే చోటు) దగ్గరే కట్టండి.

ఏ ఫ్రీక్వెన్సీలో చూసినా 1.3 వస్తోందంటే మాత్రం సంబరపడొద్దు. నీళ్లు దిగిన కోయాక్స్ కూడా అలాగే మురిపిస్తుంది. అవతలి కొస ఖాళీగా వదిలి నానోవీఎన్‌ఏతో కొలవండి. అప్పుడూ 3 మించకపోతే సగం పవర్ కేబుల్లోనే వేడైపోతోంది.