హీరో పిల్లాడికి మామూలు ఫ్రెండ్‌ని రాయడం ఎలా

హ్యారీ పాటర్ ఫ్యాన్‌ఫిక్షన్ (అంటే ఆ పుస్తకాల పాత్రలతో అభిమానులు అల్లుకునే కథలు, ముద్దుగా ఫిక్‌లు) రాసేవాళ్లలో చాలామంది హ్యారీ ఫ్రెండ్ రాన్‌ని తెచ్చి హ్యారీ పక్కన కూర్చోబెట్టి "మచ్చ నొప్పిగా ఉందా?" అని అడిగిస్తారు, తర్వాతి సీన్‌లోనూ అదే అడిగిస్తారు, ఆఖరికి నీకోసం ప్రాణమైనా ఇస్తానని చెప్పించి ఊరుకుంటారు. వాళ్లిద్దరూ ఖాళీ దొరికిన సాయంత్రం ఏం మాట్లాడుకుంటారో మాత్రం మనకి తెలీదు. మన సినిమాల్లో హీరో పక్కనుండే ఫ్రెండ్ లేడూ, విలన్ చేతిలో తన్నులు తిని ఇంటర్వెల్ తర్వాత కనబడడు, అచ్చం వాడే.

కాబట్టి రాసేముందు ఒకటి చూసుకోండి. విలన్ వోల్డెమార్ట్‌ని కథలోంచి తీసేస్తే వీళ్లు ఇంకా కలిసి కూర్చుంటారా, కూర్చుంటే ఏం చేస్తారు? దానికి జవాబు దొరికితే సీన్ సగం రాసేసినట్టే.

నాలుగో పుస్తకంలో జోస్యం క్లాసు హోంవర్కు గుర్తుందా? గ్రహాలు చూసి రాబోయే నెలలో తమకేం జరుగుతుందో రాయాలి. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాదు. నోటికొచ్చింది రాసేద్దాం అంటాడు రాన్. ఇక మొదలు, ఒకడికి దగ్గు, ఇంకొకడికి కాలిన గాయాలు, కష్టాల మీద కష్టాలు. నువ్వు రెండుసార్లు నీళ్లలో మునుగుతున్నావు అని వాళ్ల ఫ్రెండ్ హెర్మయొనీ చెప్తే, సరే ఒకదాన్ని హిపోగ్రిఫ్ (సగం గద్ద, సగం గుర్రం లాంటి జంతువు) తొక్కేసినట్టు మారుస్తా అంటాడు రాన్. ఆ క్లాసు చెప్పే ట్రెలానీ మేడమ్ ఇద్దరికీ ఫుల్ మార్కులు వేస్తుంది కూడా. ఈ సీన్ లేకపోయినా కథ ఎక్కడా ఆగదు, కానీ వాళ్ల స్నేహం ఎలాంటిదో ఇక్కడ తెలిసినంత బాగా యుద్ధాల్లో తెలీదు. నిజంగా చావు వెంటాడుతున్న పిల్లాడు దొంగ చావులు కల్పించి నవ్వుతున్నాడు చూడండి అని రచయిత్రి మనకి గుచ్చి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఫ్రెండ్‌కి హీరోతో సంబంధం లేని పిచ్చి ఒకటి ఉండాలి. రాన్‌కి చడ్లీ కానన్స్ అనే క్విడిచ్ (చీపుర్ల మీద ఎగురుతూ ఆడే ఆట) టీమ్ ఉంది. వాళ్ల గదిలోనే ఉండే డీన్ థామస్‌కి వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ టీమ్ ఉంది, మాంత్రికుల ఇళ్లలో బొమ్మలు కదులుతాయి కదా, మొదటి పుస్తకంలో గోడమీది డీన్ పోస్టర్‌లో ఆటగాళ్లు ఎందుకు కదలట్లేదా అని రాన్ వేలితో పొడుస్తూ దొరికిపోతాడు. హ్యారీ ఊసే అక్కర్లేని ఇలాంటి గొడవ ఒకటి మీ ఫిక్‌లో పెట్టండి, పక్క మంచాల వాళ్లకి వాళ్ల బతుకు వాళ్లకి ఉందని పాఠకుడికి తెలుస్తుంది.

వస్తువులు చేతులు మారితే ఇంకా మంచిది. క్రిస్మస్ సెలవుల్లో హ్యారీ మంత్రాల చదరంగం నేర్చుకునేది అదే గదిలో ఉండే సీమస్ అరువిచ్చిన మాట్లాడే పావులతో. అవేమో హ్యారీని నమ్మవు, నన్ను అటు పంపకు, వాణ్ణి పంపు అని అరుస్తుంటాయి. సీమస్ అక్కడ లేడు, అయినా ఉన్నట్టే. మీరు ఏదైనా అరువు ఇప్పిస్తే దయచేసి దాన్ని క్లైమాక్స్‌లో రక్షాకవచం చేసెయ్యకండి. పావులు పావులే.

ఇక పోట్లాటలు. నాలుగో పుస్తకంలో ప్రమాదకరమైన పోటీకి పేర్లు వేసే గోబ్లెట్‌లో (మంత్రాల పాత్రలో) తన పేరు వేసుకుంది హ్యారీయేనని రాన్ అనుకుని మాట్లాడటం మానేస్తాడు కదా, ఆ రోజుల్లో హ్యారీకి హెర్మయొనీ తోడుంటుంది. కానీ ఆమెతో ఉంటే నవ్వులు తక్కువ, లైబ్రరీ ఎక్కువ. ఇద్దరూ ప్రాణస్నేహితులే, అయినా ఒకరి లోటు ఇంకొకరు తీర్చలేరు. ఫిక్‌లలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు, ఏ డైలాగ్ ఎవరికిచ్చినా సరిపోయేలా రాస్తారు. ఆ పోటీలో మొదటి టాస్క్ అయ్యాక రాజీ ఎలా జరిగిందో కూడా చూడండి: రాన్ సారీ చెప్పబోతుంటే హ్యారీ చెప్పనివ్వడు, వదిలెయ్ అంటాడు, ఏడ్చేది హెర్మయొనీ. పద్నాలుగేళ్ల మగపిల్లలు ఒకరి మనసు ఒకరికి రెండు పేజీలు విప్పి చెప్పుకోరండీ, కౌన్సెలింగ్ సెషన్ కాదది.

మొదటిసారి రాస్తుంటే ఆ ముగ్గురినీ వదిలేసి డీన్, సీమస్‌లని తీసుకోండి. అసలు కథలో వాళ్ల గురించి ఖాళీ బోలెడుంది, అది తప్పు ఇది తప్పు అనేవాళ్లు తక్కువ. పరీక్షలు లేని, రాక్షసులు లేని ఒక మంగళవారం పట్టుకుని వన్‌షాట్ (ఒక్క భాగంలో అయిపోయే కథ) రాయండి. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్‌ఫిక్షన్ సైట్‌లో పెడితే ఇద్దరి పేర్ల మధ్య & గుర్తు పెట్టండి, అక్కడ అది స్నేహానికి. పొరపాటున / పెట్టారంటే ప్రేమకథ అనుకుని వచ్చినవాళ్లు కామెంట్లలో మిమ్మల్ని ఉతికేస్తారు.