జీను వేయకముందే పసిగట్టాల్సినవి: గుర్రాన్ని దువ్వేటప్పుడు కనిపించే సమస్యలు, పరిష్కారాలు

హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్ళలో రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ జాతి గుర్రాలు చాలా కనిపిస్తాయి. మనం వెళ్ళేసరికి సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) దువ్వి, జీను బిగించి ఉంచుతాడు. ఎక్కి నాలుగు రౌండ్లు తిప్పి ఇంటికి వచ్చేస్తాం. వీలైతే ఈ పద్ధతి మార్చుకోండి. సైస్‌ను పక్కన ఉండమని, దువ్వే పని మీరే చేయండి. గుర్రం ఒళ్ళంతా మన చెయ్యి తిరిగేది అప్పుడే. ఎక్కడ వాచింది, ఎక్కడ వేడిగా ఉంది, ఎక్కడ ముట్టుకోనివ్వడం లేదు అన్నవి అప్పుడే బయటపడతాయి. జీను వేశాక సగం కనిపించవు.

బ్రష్ తగలగానే చెవులు వెనక్కి వాల్చి తోక విసురుతోంది

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: గుర్రానికి నచ్చనిది బ్రషా, లేక ఆ చోట ముట్టుకోవడమా? బ్రష్ పక్కన పెట్టి అదే చోట అరచేత్తో నిమరండి. ఊరుకుంటే తప్పు బ్రష్‌దే. థరోబ్రెడ్‌ల చర్మం పలుచన, గట్టి కుచ్చుల డాండీ బ్రష్ వాటికి గీరుకుంటుంది. కండ ఉన్న చోట పళ్ళున్న రబ్బరు దువ్వెనను, అంటే కర్రీ కోంబ్‌ను గుండ్రంగా తిప్పండి, మిగతా ఒంటికి మెత్తటి బాడీ బ్రష్ వాడండి. ముఖం, వెన్నెముక, మోకాళ్ళ కింది భాగం మీద కర్రీ కోంబ్ పెట్టకండి. అక్కడ చర్మం కిందే ఎముక ఉంటుంది.

అరచేత్తో నిమిరినా అదే చోట ఉలిక్కిపడుతుంటే అది నొప్పి. వీపు దగ్గర అనుమానంగా ఉంటే ఇలా చూడండి. వెన్నెముకకు బెత్తెడు దూరంలో, మూపు నుంచి నడుము దాకా మూడు వేళ్ళ మెత్తటి భాగంతో నెమ్మదిగా నొక్కుతూ వెళ్ళండి. గోరు తగలకూడదు. ఈగ వాలినప్పటిలా చర్మం ఒకసారి అదిరితే కంగారు పడక్కర్లేదు. వీపు కిందికి కుంగడం, వేళ్ళ కింద కండ బిగుసుకోవడం, తల పైకెత్తి పక్కకి జరగడం మాత్రం పట్టించుకోవాలి. రెండోసారి నొక్కినా అదే చోట అలాగే చేస్తే ఆరోజు ఎక్కకండి. క్లాసు డబ్బులు పోయినా సరే.

చాలాసార్లు కారణం జీనులోనే ఉంటుంది. కింద గుడ్డ లేకుండా జీను ఒక్కటే వీపు మీద పెట్టి చూడండి. మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, వెనక నుంచి చూస్తే వెన్నెముక పొడవునా వెలుతురు కనిపించాలి. జీను ఇరుకైతే కింద ఇంకో ప్యాడ్ వేయడం చాలామంది చేసే పని. ఇరుకు బూటులో ఇంకో జత సాక్సు తొడిగినట్టే, నొప్పి ఇంకా పెరుగుతుంది. మూపు పక్కల తెల్ల వెంట్రుకలు మచ్చల్లా కనిపిస్తే ఎప్పుడో అక్కడ జీను బాగా ఒరిసిందని అర్థం. పాత మచ్చ అయితే ఇప్పుడు నొప్పి ఉండకపోవచ్చు, కానీ ఇప్పుడు వాడే జీను అక్కడ ఎలా కూర్చుంటోందో తప్పకుండా చూడాలి.

పొట్ట పట్టీ బిగిస్తుంటే కరవడానికి వస్తోంది

ముందరి కాలి మోచేతి వెనక చర్మం విప్పి చూడండి. నిన్నటి చెమట ఎండి ఉప్పులా పేరుకుని, వెంట్రుకలు అట్టకట్టి ఉంటే పట్టీ అక్కడే ఒరుసుకుంటుంది. చర్మం ఎర్రబడినా, ఊడినా గోరువెచ్చటి ఉప్పు నీళ్ళతో కడిగి, పూర్తిగా మానేదాకా పట్టీ వేయకండి. పట్టీని కూడా ఉతకండి, లేకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. చర్మం బాగుంటే పట్టీని ఒకేసారి లాగకుండా రెండు మూడు విడతల్లో బిగించండి. తర్వాత ముందరి కాళ్ళు ఒక్కొక్కటీ ముందుకు లాగి వదిలితే కింద మడతపడ్డ చర్మం సర్దుకుంటుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా అలాగే చేస్తుంటే కడుపులో అల్సర్ ఉందేమో డాక్టర్‌ను అడగండి. గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉండి, దాణా ఎక్కువ, గడ్డి తక్కువ తినే రేసు గుర్రాల్లో ఇది మామూలే. దాన్ని పొగరు అనుకుని కొట్టడం చూస్తుంటే బాధేస్తుంది.

ఎంత దువ్వినా మెరుపు రావడం లేదు

మెత్తటి బ్రష్‌తో మొదలుపెట్టి ఉంటారు. ముందు కర్రీ కోంబ్‌తో లోపలి దుమ్ము పైకి తేవాలి, తర్వాతే వెంట్రుక వాలు వెంట బ్రష్ లాగాలి. నాలుగైదు సార్లు లాగాక బ్రష్‌ను కర్రీ కోంబ్‌కేసి రాకి దులపండి. షాంపూ తరచుగా వాడితే ఒంటి సహజమైన నూనె పోతుంది. ఇవేవీ కాకపోతే కడుపులో పురుగులు, మేత సంగతి చూసుకోవాలి.

వానాకాలంలో వీపు మీద పెచ్చులు

మన దగ్గర జూన్ నుంచి ఇది ఎక్కువ. వేళ్ళకు గరుకుగా తగులుతుంది. ఒక పెచ్చు కదిపితే చిన్న బ్రష్ కుచ్చులా వెంట్రుకలతో సహా ఊడి వస్తుంది, కింద చర్మం గులాబీ రంగులో తడిగా ఉంటుంది. ఇది డెర్మటోఫిలస్ అనే బ్యాక్టీరియా పని, రెయిన్ రాట్ అంటారు. తడి ఆరకపోవడమే మూలం. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న వాష్ రాసి, 10 నిమిషాలు ఉంచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఎండిన పెచ్చుల్ని బలవంతంగా పీకకండి. కొబ్బరినూనె రాయకండి, తడి లోపలే ఉండిపోతుంది. పెచ్చులు జీను పడే చోట ఉంటే రైడింగ్ లేదు.

పెచ్చులు కాకుండా గుండ్రంగా వెంట్రుకలు ఊడిపోయి ఉంటే అది తామర కావచ్చు. మనుషులకూ అంటుతుంది. గ్లవ్స్ వేసుకోండి. ఆ గుర్రం బ్రష్‌లు, జీను గుడ్డ ఇంకో గుర్రానికి వాడకండి.

కాలు ఎత్తనివ్వడం లేదు

నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడిందా? లేకపోతే ఒక అడుగు వేయించి నిలబెట్టండి. భుజం నుంచి చెయ్యి కిందికి జార్చుతూ, మీ భుజంతో కొద్దిగా ఒత్తి బరువు అవతలి కాలి మీదికి మళ్ళించండి. ఎత్తాక డెక్కను కిందుగానే పట్టుకోండి, పక్కకి లాగకండి. ఒక్క కాలే ఎత్తనంటే, నొప్పి ఆ కాల్లో కాకుండా అప్పుడు బరువు మోయాల్సిన అవతలి కాల్లో ఉండొచ్చు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

డెక్క అడుగు భాగాన్ని మడమ వైపు నుంచి ముందుకు శుభ్రం చేయాలి. మధ్యలో ఫ్రాగ్ అనే మెత్తటి భాగం పక్కన ఉండే గాడుల్లో నల్లటి ముద్ద, కుళ్ళు వాసన ఉంటే అది థ్రష్ అనే డెక్క జబ్బు. మూత్రంతో తడిసిన పడకలో నిలబడటం వల్ల వస్తుంది. కడిగి, ఆరబెట్టి, పలచన చేసిన పోవిడోన్ అయోడిన్ పెట్టండి. పడక మార్చకపోతే ఏ మందూ పని చేయదు. గాడి లోతుగా ఉండి, తాకితే కాలు లాక్కుంటుంటే డాక్టర్ చూడాలి.

మేకు దిగి ఉంటే పీకకండి. ఎంత లోతుకు, ఏ వైపు దిగిందో డాక్టర్ ఎక్స్‌రేలో చూడాలి. ఆ కాలి మీద బరువు పడకుండా చూస్తూ ఫోన్ చేయండి. గుర్రాలకు ధనుర్వాతం తేలిగ్గా వస్తుంది కాబట్టి టీకా ఎప్పుడు వేశారో కనుక్కోండి. ఒక డెక్క మిగతా వాటికంటే వేడిగా ఉండి, దాని పైన మడమ కీలు పక్కన నాడి గట్టిగా కొట్టుకుంటున్నా డాక్టర్‌నే పిలవాలి. నడిచేటప్పుడు లాడం టక్‌టక్‌మంటే లాడాలు కొట్టే నాల్‌బంద్ వచ్చేదాకా ఆగాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి అతను ఎలాగూ రావాలి.

తోక మొదట్లో వెంట్రుకలు రాలిపోయాయి

గోడకు రుద్దుకుంటోందన్నమాట. పిన్‌వార్మ్ పురుగులు, చిన్న దోమల కాటు, తొడల మధ్య మురికి, వీటిలో ఏదో ఒకటి. తోక దువ్వేటప్పుడు పక్కన నిలబడి, కొస నుంచి పైకి విడదీయండి.

గోమార్లు, గడ్డలు

చెవుల లోపల, జూలు కుదుళ్ళలో, తోక కింద గోమార్లు ఉంటాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి నిలువుగా లాగండి. గోమార్లతో పాటు జ్వరం, చిగుళ్ళు పసుపుగా లేదా పాలిపోయి ఉంటే రక్తపరీక్ష చేయించాలి. మామూలు గుర్రం ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్.

కాలి లోపలి వైపు వరుసగా గడ్డలు, వాటిలోంచి చీము, ముక్కులోంచి చిక్కటి స్రావం కనిపిస్తే దువ్వడం వెంటనే ఆపండి. అది గ్లాండర్స్ అనే అంటువ్యాధి కావచ్చు, మనుషులకూ వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ గుర్రాన్ని, దాని బకెట్‌ను, బ్రష్‌లను వేరు చేసి ప్రభుత్వ పశువైద్యుడికి చెప్పండి. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం ప్రకారం ఇది తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు.