బాత్‌రూమ్ గోడకున్న పాత ప్యానెల్స్ ఎలా తీయాలి?

పాత ప్యానెల్స్ పీకడం ఒక పూట పని. వాటి వెనక గోడే రోజుల తరబడి పని పెడుతుంది. కొత్తవి ముందే తెచ్చిపెట్టుకుంటే తడిగోడ మీదే బిగించేయాలనిపిస్తుంది. గోడ చూశాకే కొనండి.

ముందు అది ఏ షీటో తేల్చుకోవాలి. బాగా పాత ఇంట్లో బూడిదరంగు గట్టి సిమెంటు షీటు ఉంటే అందులో ఆస్బెస్టాస్ (దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే నార ఖనిజం) ఉండొచ్చు, చూపుతో చెప్పలేం. పరీక్ష చేయించేదాకా కోయొద్దు, విరగ్గొట్టొద్దు.

పీవీసీ అయితే భయం లేదు. కరెంటు మెయిన్ ఆపి, నీళ్ల వాల్వు కట్టి, కుళాయిలూ అద్దమూ విప్పండి. డ్రెయిన్ జాలీలో గుడ్డ కుక్కండి, స్క్రూ పడిందంటే మళ్లీ దొరకదు. మూలల్లో సందులు మూసిన రబ్బరులాంటి సిలికాన్‌ను రెండు అంచులా కట్టర్‌తో కోయండి. కోయకుండా లాగితే పక్కనున్న ప్లాస్టరూ పెచ్చులుగా ఊడొస్తుంది.

ఈ ప్యానెల్స్ ఒకదాని గాడిలో ఒకటి దూరి ఉంటాయి కనుక చివర బిగించిన ముక్కతోనే మొదలుపెట్టాలి. మూలలో మిగతావాటికన్నా సన్నగా కోసి ఉన్నది సాధారణంగా అదే. అది వచ్చేస్తే తర్వాతిదాని అంచున స్క్రూలు బయటపడతాయి. అలా విప్పుకుంటూ పోవడమే. గమ్ముతో అతికించినవైతే పుట్టీ బ్లేడు దూర్చి, సందులో గట్టి నైలాన్ తాడు పెట్టి రంపంలా అటూ ఇటూ లాగండి. ఇనుప బార్‌తో ప్యానెల్‌ను ఎత్తేటప్పుడు కింద చెక్కముక్క పెట్టకపోతే గోడకు గుంట పడుతుంది.

ఇక గోడ. నాణెంతో తట్టండి, గుల్లగా మోగినచోట ప్లాస్టర్ చెక్కేయండి. అడుగు చదరం పాలిథిన్ ముక్కకు నాలుగువైపులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. గోడవైపు చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది, బయటివైపు పడితే అది గాలిలోని ఆవిరి. గోడలోంచే అయితే విప్పిన కుళాయిల చోట మూతలు బిగించి, వాల్వు తెరిచి, మిగతా కుళాయిలన్నీ కట్టి నీళ్ల మీటరు చూడండి. అప్పుడూ తిరుగుతోందంటే పైపు కారుతోంది. బూజును పొడిగా గీకితే గదంతా ఎగురుతుంది, తడిపి తుడవండి. బ్లీచింగ్ వాడితే టైల్స్ కడిగే యాసిడ్ దగ్గరికి రానీయకండి, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

చెక్కినచోట సిమెంటు 1 పాలు, ఇసుక 4 పాళ్లు కలిపి పూసి 7 రోజులు తడపాలి. పూర్తిగా ఆరాక వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, ఒకటి అడ్డంగా, రెండోది నిలువుగా. మొదటి కోటు వదిలేసిన సన్నని చుక్కలు రెండోదాంతో మూసుకుంటాయి.

కొత్త ప్యానెల్స్‌కు పైనా కిందా 5 మిల్లీమీటర్ల సందు వదలండి. పీవీసీ వేడికి సాగుతుంది, సందు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. కింది సందును బూజు పట్టని సిలికాన్‌తో నింపి, 24 గంటలు నీళ్లు తగలనీయకండి.