ఎండలు ముదరకముందే నియాన్ టెట్రాల ట్యాంకు సర్దుకోండి

చిన్న అక్వేరియం చేపలైన నియాన్ టెట్రాలకు 22 నుంచి 26 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 32 దాటడం మామూలే. వేడికి చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్లలో అదే తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.2 మిల్లీగ్రాములు కరిగితే, 32 దగ్గర 7.3 మించదు. గుంపు మొత్తం ఒక్క రాత్రిలో పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

మార్చి చివరికల్లా హీటర్ ప్లగ్ పీకేయండి. మూత తీసి వల కప్పండి, లేకపోతే టెట్రాలు ఎగిరి బయటపడతాయి. చిన్న ఫ్యాన్ గాలి నీటిమీద ఏటవాలుగా తగిలేలా పెడితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. కాకినాడ, విశాఖ ఉక్కపోతలో అంత ఫలితం రాదు. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయండి. బోరు నీళ్లు పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి.

మరీ వేడెక్కితే ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన అర లీటరు సీసాను మూతతో సహా తేలేయండి. పూర్తిగా కరిగేసరికి 60 లీటర్ల ట్యాంకు ఒక డిగ్రీ చల్లబడుతుంది. ఒక్కసారే నాలుగైదు సీసాలు వేయకండి. ఆ కుదుపు వేడికన్నా చెడ్డది.

నీళ్లు మార్చేది తెల్లవారుజామునే, 15-20 శాతం మాత్రమే. మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి. థర్మామీటర్‌తో రెండు నీళ్లూ చూసి, మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు కలిపాకే పోయండి.

కరెంటు కోతకు బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచండి. మామూలు ఎయిర్ పంపును నీటిమట్టానికి పైన పెట్టాలి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ బిగించాలి. లేకపోతే కరెంటు పోగానే నీళ్లు వెనక్కి లాగి పంపులోకి, అక్కడినుంచి ప్లగ్గులోకి చేరతాయి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) గంటల తరబడి ఆగిపోతే లోపల నీళ్లను శుభ్రం చేసే బాక్టీరియా ఊపిరాడక చస్తుంది. మళ్లీ ఆన్ చేసేముందు అందులోని మురుగు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే పిండండి.

మేత రోజుకొక్కసారి, నిమిషంలో తినేంతే. మిగిలింది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, నీళ్లు వేడెక్కినకొద్దీ దాని విషం పెరుగుతుంది. పీహెచ్ ఎక్కువున్న బోరు నీళ్లలో మరీను.

మొక్కలున్న ట్యాంకుల్లో రాత్రి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) ఆపకండి. చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి కొరత ముదురుతుంది. ఆ వేళ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే గాలి పెంచి, 20 శాతం నీళ్లు మార్చి, ఆ రోజుకు మేత మానేయండి. కొత్త చేపలు కొనడం వానలు పడేదాకా ఆపండి. అప్పుడైనా మన వేడికి నియాన్లకన్నా 28-29 డిగ్రీలు ఓర్చుకునే కార్డినల్ టెట్రాలే మేలు.