రోటావేటర్ కింద చేరే ముందు

రోహిణి కార్తె సగం దాటిందంటే పరకాల నుంచి నర్సంపేట దాకా ఏ ఊరికి పోయినా ఇదే కనబడుతుంది. ఇంటి ముందు వేపచెట్టు కింద ట్రాక్టర్, వెనక గాల్లోకి లేచిన రోటావేటర్ (బ్లేడ్లు గిర్రున తిరుగుతూ దుక్కి దున్నే పరికరం), దాని కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన రెండు కాళ్లు. మృగశిర లోపు బ్లేడ్లు మార్చుకోవాలి, లేకపోతే మొదటి వాన పడగానే దుక్కికి అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. తొందర ఉండటం సహజమే. కానీ ఆరడుగుల రోటావేటర్ బరువు నాలుగు క్వింటాళ్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ బరువును పైన నిలబెట్టి ఉంచేది కొంచెం నూనె, ఒక రబ్బరు సీలు.

నేనూ అట్లా కింద చేరినవాణ్నే. మూడేళ్ల కింద ఇంజన్ ఆపి, రోటావేటర్‌ను పూర్తిగా లేపి, కింద నట్లు విప్పుతున్నాను. కూర్చోవడానికి ఒక తుమ్మ మొద్దు తెచ్చుకున్నా. అది ఎత్తు ఎక్కువైందని పక్కకు తోసేశాను. పానాల డబ్బా మడ్‌గార్డ్ మీదే ఉండిపోయింది. మా అన్న కొడుకు సీటు మీద కూర్చుని ఫోన్‌లో పాటలు పెట్టుకున్నాడు. "ఆ డబ్బా దింపురా" అన్నాను. పాటల హోరులో వాడికి వినబడింది "దింపురా" ఒక్కటే. లివర్ కిందికి నొక్కాడు.

రెప్ప వేసేలోపు దిగింది. దిగి, నేను పక్కకు తోసిన మొద్దు మీదే కూలబడి ఆగింది. నా మోకాలికీ బ్లేడుకూ మధ్య జానెడు సందు మిగిలింది. వాడు కిందికి దూకి, ఏడుపు మొహంతో అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇంజన్ బందే ఉంది గద చిన్నాయనా, ఎట్ల దిగింది?"

చాలామందికి ఉన్న అపోహే అది. రోటావేటర్‌ను ఎత్తడానికి ఇంజన్ కావాలి, దించడానికి అక్కర్లేదు. ఎత్తినప్పుడు సిలిండర్‌లోకి పోయిన నూనె అక్కడే ఆగి ఉంటుంది. లివర్ కిందికి జరిపితే ఆ నూనె బయటికి పోతుంది, తన బరువుకు తానే ఇనుము దిగుతుంది. లివర్ ఎవరూ ముట్టకపోయినా సీలు అరిగితే మెల్లమెల్లగా దిగుతుంది. మీ ట్రాక్టర్ సంగతి తెలుసుకోవాలంటే సాయంత్రం రోటావేటర్‌ను ఎత్తి, కింద మొద్దులు పెట్టి, రోటావేటర్ అంచు ఎదురుగా గోడ మీద సుద్దతో గీత గీయండి. చుట్టూ పిల్లలు, కోళ్లు, కుక్కలు రాకుండా చూసుకోండి. పొద్దున చూస్తే బెత్తెడు దిగి ఉండొచ్చు. అట్లా దిగితే సీజన్ మొదలు కాకముందే సీలు మార్పించుకోవాలి.

చాలా ట్రాక్టర్లకు సీటు కింద ముందు వైపు ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది, రోటావేటర్ దిగే వేగాన్ని తగ్గించడానికి. దాన్ని పూర్తిగా బిగిస్తే లిఫ్ట్ దిగకుండా ఆగుతుంది. బిగించండి. కానీ దాన్నే నమ్ముకుని కిందికి పోవద్దు. లిఫ్ట్ పని ఎత్తడం వరకే, మోయాల్సింది మొద్దులు.

ఇక పని మొదలుపెట్టేది ఎట్లా అంటే, ముందు చోటు చూసుకోవాలి. గట్టి నేల, చదును నేల కావాలి. వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం అన్నిటికంటే మంచిది. ఊళ్లో సీసీ రోడ్డు గట్టిగానే ఉంటుంది కానీ మోరీ వైపు వాలు ఉంటుంది. నల్లరేగడి నేలను అసలు నమ్మొద్దు. ఎండకు రాయిలా కనబడుతుంది, ఒక్క జల్లు పడితే జాకీ అందులోకి దిగిపోతుంది. తప్పనిసరై మట్టి మీద పని చేస్తుంటే జాకీ కింద అడుగున్నర వెడల్పు దళసరి చెక్క వేయాలి.

ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసి మీ జేబులో పెట్టుకోండి. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క ముక్కలు కొట్టండి. తర్వాత రోటావేటర్ రెండు చివర్లలో పక్క పలకల కింద చెరొక మొద్దు పెట్టి, బరువు పూర్తిగా వాటి మీద కూర్చునేదాకా దించండి. వెనక రేకు కింద పెట్టొద్దు, అది వంగిపోతుంది. మొద్దుకు పైనా కిందా చదునుగా కోత పెట్టించుకోవాలి. తుమ్మ అయితే గట్టిగా ఉంటుంది. వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండ్లు చేయించుకున్నా సరే, కాళ్లు వెడల్పుగా ఉండాలి. ఇటుకలు వద్దు, సిమెంటు ఇటుకలు అసలే వద్దు: అవి నలగవు, ఒక్కసారిగా పగులుతాయి. బండరాయి పగలకపోయినా దాని మీద ఇనుము జారుతుంది.

సీటు మీద ఎవరూ కూర్చోవద్దు. నా తరఫు నుంచి ఇంకో షరతు: కింద మనిషి ఉన్నంతసేపు "ఎత్తు", "దింపు" అనే మాటలు దేనికీ వాడకూడదు. డబ్బా కావాలంటే "డబ్బా ఇటియ్యి" అంటే చాలు.

నట్లకు ముందు రోజు రాత్రే డీజిల్ పోసి ఉంచితే పొద్దున సగం బలం మిగులుతుంది. పానాను మీద పడి గుంజితే రోటావేటర్ మొద్దుల మీద ఊగుతుంది, కాబట్టి పొడుగు పిడి పానా వాడి నింపాదిగా విప్పండి. ఆరడుగుల వాటికి సాధారణంగా 42 బ్లేడ్లు ఉంటాయి, సగం ఎడమవి, సగం కుడివి. అన్నీ ఒకేసారి విప్పి కుప్ప పోస్తే కలిసిపోతాయి. ఒకటి విప్పి, దాని చోటే కొత్తది బిగించి, తర్వాతదానికి పోవాలి. రోటర్‌ను తిప్పాల్సి వస్తే చేత్తో కాదు, గడ్డపారతో తిప్పండి. అంతకంటే ముందే పీటీవో షాఫ్టు (ఇంజన్ బలాన్ని రోటావేటర్‌కు అందించే తిరిగే కడ్డీ) విప్పి పక్కన పెట్టి ఉండాలి.

కరిగెటకు, అంటే వరి మడిలో బురద దుక్కికి, టైర్లు తీసి కేజీవీల్స్ (ఇనుప చక్రాలు) ఎక్కించేటప్పుడు ప్రమాదం వేరు. అప్పుడు జాకీ మీద లేచేది ట్రాక్టరే. గేరులో పెట్టాం కదా, ఎటూ కదలదనుకుంటాం. వెనక చక్రం ఒకటి నేల విడిచిందంటే గేరు ఆపలేదు: డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల లేచిన చక్రం ఒట్టిగా తిరుగుతుంది, నేల మీది చక్రం దొర్లుతుంది. ఆపేది బ్రేకు, ముందు చక్రాలకు కొట్టిన చెక్కలు మాత్రమే. రోటావేటర్ ఉంటే ముందే విప్పేయండి. జాకీ వెనక యాక్సిల్ గొట్టం కింద, నిలువుగా ఉండాలి. లేపగానే పక్కన మొద్దుల పేర్పు వేసి బరువును దాని మీదికి దించండి. నీళ్లు నింపిన టైరు పక్కకు ఒరిగితే ఇద్దరు పట్టినా ఆగదు, దాన్ని ఆపబోవద్దు, తప్పుకోండి. ముందు చక్రానికి జాకీ పెట్టేటప్పుడు ఇంకో సంగతి: ముందు యాక్సిల్ మధ్యలో పిన్ను మీద ఊగుతుంది. యాక్సిల్‌కూ బాడీకీ మధ్య రెండు వైపులా చెక్క మేకులు దిగ్గొట్టకపోతే బండి పక్కకు వాలుతుంది.

హైడ్రాలిక్ గొట్టం కారుతోందేమోనని వేలితో తడిమి చూడటం మనవాళ్లకు అలవాటు. ఇంజన్ నడుస్తున్నప్పుడు సన్నని చిల్లు నుంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చినంతే కనబడుతుంది, నొప్పి కూడా మొదట ఉండదు. చిన్నదే కదా అని ఊరుకుంటే వేలే పోవచ్చు, వెంటనే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోవాలి. కారేచోటు చూడాలంటే అట్టముక్క పెట్టి చూడండి.

ఎవరైనా కింద ఇరుక్కుంటే గుంజొద్దు, కంగారులో ఇంజన్ స్టార్ట్ చేసి లివర్లు ఆడించొద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు జాకీతో పక్క నుంచి కొంచెం కొంచెం లేపుతూ, లేచినంత మేర మొద్దులు దోపుతూ పోవాలి. అందుకే జాకీ ఇంట్లో కాదు, చేతికి అందేచోట ఉండాలి.

అన్నీ బిగించాక షాఫ్టు కలిపి, రోటావేటర్‌ను కొంచెం లేపి, మొద్దులను కొక్కెంతో బయటికి లాగండి, చేయి పెట్టొద్దు. లుంగీ ఎగగట్టుకోవడం కాదు, ప్యాంటు వేసుకోండి, మెడలో తువ్వాల తీసేయండి. పీటీవో నిమిషానికి 540 తిరుగుడు తిరుగుతుంది, బట్ట అంచు దొరికితే మనిషిని చుట్టేస్తుంది. వెనక ఎవరూ లేకుండా చూసి, తక్కువ రేజ్‌లో రెండు నిమిషాలు తిప్పి చూడండి. మొదటి ఎకరం దున్నాక కొత్త బోల్టులు వదులవుతాయి, ఆపి మళ్లీ బిగించాలి. ఆ తుమ్మ మొద్దు మీద మూడు బ్లేడ్ల గాట్లు ఇంకా ఉన్నాయి. దాన్ని సగానికి కోయించి రెండు ముక్కలూ ట్రాక్టర్ మీదే ఉంచుతున్నా, ఎందుకంటే ఆ రెండోసారి బిగింపు చేసేది కల్లంలో కాదు, చేను గట్టు మీద.