వయొలిన్, ఆర్గన్‌లకు ప్రార్థనా సంగీతం రాద్దాం – 4వ భాగం: రెండు గొంతులు

ఎస్తోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ 1976 నుంచి రాస్తూ వచ్చిన టింటినాబులి పద్ధతిలో ఈసారి ఒక చిన్న రచన చేద్దాం. ఇందులో గొంతులు రెండే. ఒకటి మెట్టుమెట్టుగా నడుస్తుంది, రెండోది ఒకే కార్డ్‌లోని (కలిపి మోగించే స్వరాల గుంపులోని) మూడు స్వరాలను దాటదు. మొదటిది వయొలిన్‌కు, రెండోది ఆర్గన్‌కు. స్కేలు ఎ మైనర్ (ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి). కర్ణాటక సంగీతం తెలిసినవారికి, ఎ ని షడ్జమం అనుకుంటే నఠభైరవి స్వరాలే. గమకం మాత్రం వద్దు.

వయొలిన్ పాదాలు ఆరు: బి–ఎ, సి–బి–ఎ, డి–సి–బి–ఎ... ఇలా ఒక్కో స్వరం పెంచుతూ, ఆరో పాదంలో జి నుంచి దిగాలి. ప్రతి పాదమూ ఓపెన్ ఎ తీగ పలికే స్వరం మీదే ఆగుతుంది. పార్ట్ 1978లో వయొలిన్, పియానోలకు రాసిన ‘ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్’లోనూ పాదాలు ఇలాగే ఒక్కో స్వరం పెరుగుతాయి. స్వరానికి 2 సెకన్లు, చివరి ఎ కి 4, తర్వాత 2 సెకన్ల విరామం. మొత్తం 78 సెకన్లు. విరామం కుదిస్తే చర్చిలో పాత పాదం మోత తగ్గకముందే కొత్తది దాని మీద పడుతుంది.

ఇక ఆర్గన్. నియమం ఒక్కటే: వయొలిన్ స్వరానికి కింద, అతి దగ్గరగా ఉన్న ఎ, సి, ఇ లలో ఒకటి. అదే స్వరం పలకకూడదు. అంటే జి కి ఇ, ఎఫ్ కి ఇ, ఇ కి సి, డి కి సి, సి కి ఎ, బి కి ఎ, ఎ కి కింది ఇ. ఎఫ్ కింద ఇ పడ్డచోట అరస్వరం ఒరిపిడి గట్టిగా వినిపిస్తుంది. తప్పు రాశామనుకుని చాలామంది దిద్దేస్తారు. దిద్దకండి, రచనకు ప్రాణం అక్కడే ఉంది. గమకమైనా, వెడల్పు వైబ్రాటో (వేలితో స్వరాన్ని వణికించడం) అయినా ఆ ఒరిపిడిని చెరిపేస్తుంది.

స్టాపుల్లో (ఆర్గన్ గొట్టాల వరుసలను ఎంచుకునే మీటల్లో) 8 అడుగుల ఫ్లూట్ ఒక్కటి చాలు, అది రాసిన స్థాయిలోనే మోగుతుంది. 4 అడుగులది కలిపితే ఆర్గన్ స్వరం ఒక స్థాయి పైన కూడా మోగి వయొలిన్‌ను దాటిపోతుంది, ‘కింద’ అన్న నియమం కాగితం మీదే మిగులుతుంది. కాళ్లతో వాయించే పెడల్‌లో, ఒక స్థాయి కింద మోగే మెత్తని 16 అడుగుల స్టాప్‌తో ఎ ని శ్రుతిపెట్టెలా వదలకుండా పట్టండి. ఒకే స్వరం రెండుసార్లు వచ్చినప్పుడు (జి, ఎఫ్ ల కింద ఇ) కీని కొంచెం ముందే ఎత్తి మళ్లీ నొక్కాలి. లేకపోతే రెండూ ఒకటే స్వరంగా సాగుతాయి.

వయొలినిస్టు ఎఫ్, జి ల కోసం ఇ తీగ మీదికి వెళ్తే నాదం ఉన్నట్టుండి పదునెక్కుతుంది. చివరి రెండు పాదాలూ ఎ తీగ మీదే 3వ పొజిషన్‌లో (చేతిని తీగ వెంట పైకి జరిపి) మొదలుపెట్టండి: జి కి 4వ వేలు, డి కి 1వ వేలు. అక్కణ్ణుంచి సి కి 1వ పొజిషన్‌లోకి దిగి 2వ వేలు. స్వరానికో కమాను.

వచ్చే భాగంలోపు ఇవే పాదాలకు ఆర్గన్ స్వరాలను వయొలిన్‌కు పైన ఉండేలా రాసి చూడండి. అప్పుడు బి కి సి వస్తుంది, ఒరిపిడి కింది మెట్టుకు మారుతుంది.